బొమ్మలు చూడమని పాతిపెట్టిన బంగారం

(గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, ముందు వరసలో ఖాళీలున్నాయి, వచ్చి కూర్చోండి. ఫ్యాన్ కింద చోటు పెద్దవాళ్లకు వదిలేయండి. ఎలాగూ కాసేపటికి ఫోన్లు తీస్తారు, కనీసం చల్లగా అయినా కూర్చుంటారు.

నాకిచ్చిన అంశం పిల్లల పుస్తకాల్లోని పాత్రలు, బంగారు నగలు. చదివి నవ్వుకున్నాను. నన్నే ఎందుకు పిలిచారో అర్థమైంది. మాది బంగారప్పని చేసే ఇల్లు, నేను చేసింది బడిపంతులు ఉద్యోగం. కుంపటీ సుద్దముక్కా రెండూ తెలిసినవాడు వీళ్లకు ఇంకొకడు దొరికి ఉండడు.

ఈ మాట వినగానే మీకేం గుర్తొస్తుంది? నగల కొట్లో అద్దాల వెనక వేలాడే చిన్న లాకెట్లు. కార్టూన్ ఎలుక, టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి, రెక్కల గుర్రం. మనవరాలి పుట్టినరోజుకి తాతగారు వెళ్తారు. "ఏది బావుంటుందమ్మా?" అంటారు. కొట్లో అమ్మాయి "ఇది ట్రెండింగ్ అంకుల్" అంటుంది. అయిపోయింది. ఆ ఎలుగుబంటి కథేమిటో తాతకి తెలీదు, కొట్లో అమ్మాయికి తెలీదు, మూడేళ్ల పిల్లకి అసలే తెలీదు. దాన్ని నేను తప్పు పట్టను. మన పిల్లల మెడలో ఎప్పటినుంచో బాలకృష్ణుడున్నాడు, నుదుట రావిరేక ఉంది. పిల్లల ఒంటిమీద బొమ్మ పెట్టి మురిసిపోవడం మనకేం కొత్త?

కానీ నేను చెప్పబోయేది ఆ లాకెట్ల గురించి కాదు. ఒకే ఒక్క నగ గురించి. ఒక కుందేలు గురించి. పుస్తకంలో ఉన్న పాత్రని బంగారంలో పోత పోసి అమ్మడం వేరు, కథలో పోయిన వస్తువుని నిజంగా బంగారంతో చేసి, నిజంగా పారేసి, "వెతకండి" అనడం వేరు. ఆ రెండో పని చేసినవాడు ఒకడున్నాడు. ఇంగ్లండు వాడు. పేరు కిట్ విలియమ్స్. 1946లో పుట్టాడు. చిత్రకారుడు.

ఈయన బొమ్మలు వేసుకుంటూ పల్లెలో బతుకుతుంటే జొనాథన్ కేప్ అనే ప్రచురణ సంస్థ నుంచి టామ్ మాష్లర్ అనే పెద్దాయన వచ్చి, పిల్లల కోసం బొమ్మల పుస్తకం చెయ్యమన్నాడు. ఇంతవరకూ ఎవరూ చేయనిది చెయ్యమన్నాడు. విలియమ్స్‌కి ఒక బాధ ఉంది. ఏమిటది? బొమ్మల పుస్తకాన్ని జనం చూడరు, తిప్పుతారు. మీరు చెప్పండి, పిల్లల పుస్తకంలో ఒక బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగుతారు? అమ్మా, మీరు? పాప "ఇంకోసారి చూద్దాం" అంటే "ఆఁ ఆఁ, తర్వాత పేజీ" అనలేదూ? నేనూ అన్నాను. ఇంచుమించు రెండేళ్లు కూర్చుని గడ్డిపోచ గడ్డిపోచగా వేసిన బొమ్మల్ని జనం రెండు నిమిషాల్లో తిప్పేస్తారని అతని దిగులు.

ఇంకోటి. చిన్నప్పుడు అతను నిధి వేట ఆటలు ఆడేవాడు. చీటీలు రాసి దాస్తారు చూడండి, అవి. తీరా చిక్కులన్నీ విప్పి వెళ్తే అక్కడ దొరికేది ఎందుకూ పనికిరాని వస్తువు. చిక్కుముడీ పేలవం, నిధీ పేలవం. అందుకని అనుకున్నాడు, నిజమైన నిధి చేస్తాను, బంగారంతో చేస్తాను, భూమిలో పాతిపెడతాను, దారి బొమ్మల్లో దాస్తాను. అప్పుడు చూడక చస్తారా?

అలా 1979లో వచ్చిందే 'మాస్కరేడ్' అనే పుస్తకం. కథ చాలా చిన్నది. చందమామ ఒక ఆడమనిషి. సూర్యుడు మగవాడు. చందమామకి సూర్యుడంటే ప్రేమ. ఇద్దరూ కలిసేది లేదు కదా, ఒకరు వస్తే ఒకరు వెళ్లిపోతారు. అందుకని చందమామ ఒక కానుక తయారుచేసి జాక్ హేర్ అనే కుందేలుకిచ్చి సూర్యుడి దగ్గరికి పంపుతుంది. కుందేలు నేలా నీరూ గాలీ నిప్పూ అన్నీ దాటి వెళ్తుంది. తీరా సూర్యుడి ముందు నిలబడి చూసుకుంటే కానుక లేదు. దారిలో ఎక్కడో పడిపోయింది. కథ అక్కడితో సరి. మిగతాది చదివేవాళ్ల పని.

చందమామలో కుందేలు ఉందని మన అమ్మమ్మలు చూపించేవాళ్లు, గుర్తుందా? డాబా మీద పడుకోబెట్టి "అదిగో చెవులు, అదిగో తోక" అనేవాళ్లు. వెన్నెల, కుందేలు అనగానే మన పిల్లలకి కొత్తగా ఉండదు. ఈ కథ మన ఊళ్లో చెబితే ఎవరూ "కుందేలేమిటి, చందమామేమిటి" అని అడగరు.

సరే, ఇప్పుడు కాసేపు పంతులుగా కాదు, పనివాడి కొడుకుగా మాట్లాడతాను. కథలో పోయిన ఆ కానుకే కుందేలు ఆకారంలో చేసిన నగ. అది ఎలాంటిదో చెబుతాను.

దాన్ని కిట్ విలియమ్స్ తనే చేశాడు. ఎవరికో ఆర్డరు ఇచ్చి చేయించలేదు. 18 క్యారెట్ల బంగారం. ఇదిగో, 18 అనగానే అక్కడ ఒకావిడ మొహం చిట్లించారు. "పద్దెనిమిదా? అదీ ఒక బంగారమేనా?" అని కదమ్మా? మనకి 22కి తక్కువైతే పరువు తక్కువ. 22 క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్లు బంగారం, 18 అంటే 75 పాళ్లు. మిగతాది రాగి, వెండి లాంటివి. అమ్మకానికి తీసుకెళ్తే 22 మేలు, నిజమే. కానీ బంగారం ఎంత మేలిమిదైతే అంత మెత్తన. మీ కాసులపేరులో కాసు వంగినా ఫరవాలేదు, అది బిళ్ల. కుందేలు అలా కాదు. పరుగెత్తే కాళ్లు సన్నగా ఉండాలి, చెవులు సన్నగా ఉండాలి, ఒళ్లంతా తీగలల్లిన జాలీలా ఖాళీలు ఖాళీలుగా ఉండాలి. మెత్తటి బంగారంతో అలా చేస్తే వేసుకున్న మొదటి రోజే చెవి వంకరపోతుంది. అందుకని 18. అది పిసినారితనం కాదు, పనితనం.

ఆ నగ తీగపని తీరులో ఉన్న పెద్ద లాకెట్టు, దానికి ముక్కలు ముక్కలుగా జోడించిన గొలుసు. ఒంటినిండా రాళ్లు పొదిగాడు. మీలో ఎవరైనా కరీంనగర్ వెండి తీగపని చూశారా? పాన్‌దానులు, అత్తరుదానులు, నెమళ్లు. చూడనివాళ్లు ఒకసారి చూడండి. వెండిని కమ్మచ్చులో పెట్టి లాగుతారు. కమ్మచ్చంటే వరసగా చిన్నవవుతూ పోయే చిల్లులున్న ఉక్కు పలక. పెద్ద చిల్లులోంచి లాగి, తర్వాత దానికంటే చిన్న చిల్లులోంచి లాగి, అలా అలా వెంట్రుకంత సన్నం చేస్తారు. లాగేకొద్దీ తీగ బిరుసెక్కుతుంది, అప్పుడు కుంపట్లో కాల్చి మెత్తబరుస్తారు, మళ్లీ లాగుతారు. అలాంటి రెండు తీగలు కలిపి మెలిపెట్టి, కాస్త చదును చేసి, లావు తీగతో కట్టిన చట్రంలో చుట్టలు చుట్టలుగా సర్దుతారు. సర్దాక వెలిగారం రాసి, అతుకు పడేందుకు టంకం పొడి చల్లి, గొట్టంతో మంట ఊదుతారు. అక్కడే ఉంది ప్రాణమంతా. ఒక్క క్షణం ఎక్కువ ఊదారా, టంకంతోపాటు తీగా కరిగి ముద్దయిపోతుంది. రెండు రోజుల పని ఒక్క ఊపిరిలో పోతుంది. మా ఇంట్లో టంకం వేసే వేళ పిల్లల్ని తుమ్మనిచ్చేవాళ్లు కాదు.

ఇంతకీ బంగారమే ఎందుకు? రాగితో చేసుకోవచ్చుగా, ఇత్తడితో చేసుకోవచ్చుగా? మెరుపు కోసమే అనుకోకండి. పాతిపెట్టే వస్తువు కదా. ఎన్నాళ్లుంటుందో తెలీదు. ఇనుము తుప్పు పడుతుంది, వెండి నల్లబడుతుంది, రాగి పచ్చగా చిలుము పడుతుంది. బంగారానికి ఆ బాధ లేదు. వందేళ్ల తర్వాత తీసి కడిగితే మళ్లీ బంగారమే. కుందేలు పారేసుకున్న కానుక ఎవరో ఎప్పుడో దొరికించుకునేదాకా అలాగే ఉండాలంటే, బంగారం తప్ప ఏం పనికొస్తుంది?

అయితే ఉత్తినే మట్టిలో పెట్టలేదు. కుందేలు ఆకారంలోనే ఒక మట్టి పెట్టె చేసి, కాల్చి, అందులో నగని పెట్టి మూసేశాడు. నేల తడి తగలకూడదని ఒకటి, లోహాన్ని కనిపెట్టే యంత్రాలు పట్టుకొచ్చేవాళ్లకి సులువుగా దొరక్కూడదని ఇంకోటి. ఈ మట్టి పెట్టెను గుర్తుపెట్టుకోండి. తర్వాత దీనితో పనుంది.

1979 ఆగస్టు 7 రాత్రి దాన్ని పాతిపెట్టారు. సాక్షి ఉండాలి కదా, లేకపోతే "ఏమీ పాతలేదు, పుస్తకం అమ్ముకోడానికి నాటకం" అంటారు. అందుకని టీవీలో క్విజ్ కార్యక్రమం నడిపే బాంబర్ గాస్కోయిన్ అనే పేరున్న మనిషిని వెంట తీసుకెళ్లాడు. ఆ తర్వాత ఆయన ఈ వేట మీద ఒక పుస్తకం కూడా రాశాడు.

పుస్తకం వెనక అట్ట మీద ఒక మాట వేశారు. దాని సారం ఇది. భాష తెలిసి, కాస్త లెక్కలూ ఆకాశం సంగతీ తెలిసిన చురుకైన పదేళ్ల పిల్లవాడికి ఈ నిధి దొరికే అవకాశం ఎంతో, ఆక్స్‌ఫర్డ్ పండితుడికీ అంతే. విన్నారా పిల్లలూ? పదేళ్లు! ఇంకో సౌకర్యం కూడా పెట్టారు. వచ్చి తవ్వలేనివాళ్లు ఉత్తరం రాస్తే చాలు, మొదట సరైన జవాబు రాసినవాళ్లకి కుందేలు.

ఇంక చూడండి. పుస్తకం పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. జనం పలుగూ పారా పట్టుకుని బయల్దేరారు. పార్కులు తవ్వారు, పొలాలు తవ్వారు, ఎవరిదో ఇంటి తోట తవ్వారు. హేర్స్‌ఫీల్డ్ బీకన్ అని ఒక గుట్ట ఉంది. ఆ పేరులో వాళ్ల భాషలో కుందేలు ఉంది. అంతే, జనం ఎగబడ్డారు. చివరికి "ఇక్కడ ఏ కుందేలూ లేదు మొర్రో" అని బోర్డు పెట్టించడానికి విలియమ్సే డబ్బు కట్టాల్సి వచ్చింది.

ఉత్తరాల సంగతి చెప్పనక్కర్లేదు. కట్టలు కట్టలు. ఒక్కొక్కరు ఒక్కో ఊరు పేరు చెప్పి, అక్కడే ఉందని పేజీలకి పేజీలు రుజువులు. మనకి సామెత ఉందిగా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని. ఇంగ్లండు దేశం మొత్తం కొన్నాళ్లపాటు ఆ సామెతలో బతికింది. కాదు బాబూ అని జవాబిస్తే, నువ్వు అబద్ధమాడుతున్నావని పాతిపెట్టినవాడితోనే వాదించేవాళ్లు!

మీరు నవ్వుతున్నారు గానీ, మన దగ్గర తక్కువా? లంకెబిందెల కోసం ఎన్ని పాత గుళ్లు తవ్వి పాడుచేశారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. నంది కింద నిధి ఉందంటే నందినే పగలగొట్టేవాళ్లున్నారు. ఇంకో సంగతి చెబుతాను, ఎవరికైనా తవ్వాలనిపిస్తే పనికొస్తుంది. 1878 నాటి నిధుల చట్టం మనకి ఇంకా ఉంది. నేలలో దాచిన వస్తువు ఏదైనా దొరికి, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. పది రూపాయలు! ఆ రోజుల్లో పది రూపాయలంటే మాటలా. ఇప్పుడు టీ కూడా రావట్లేదు, చట్టంలో మాత్రం అదే అంకె.

సరే, చిక్కు విప్పుదాం. ఒక అమ్మాయి రావాలి. రామ్మా, ఈ బోర్డు దగ్గరికి రా. భయమేం లేదు. ఇక్కడ నేను పాప బొమ్మ గీశాను, బాగా రాలేదు, సర్దుకోండి. చుట్టూ గీతల చట్రం, చట్రం పొడవునా అక్షరాలు. ఆ పుస్తకంలో ప్రతి బొమ్మ చుట్టూ ఇలాగే అక్షరాల చట్రం ఉంటుంది. ఇప్పుడు స్కేలు తీసుకో. పాప ఎడమ కన్ను మీద ఒక కొస పెట్టు. ఎడమ చేతిలో అన్నిటికంటే పొడుగు వేలేది? మధ్య వేలు. ఆ వేలి కొస మీదుగా గీత లాగు, చట్రం దాకా. ఏ అక్షరం తగిలింది? 'చ'. శభాష్. ఇప్పుడు అదే ఎడమ కన్ను నుంచి ఎడమ పాదంలో పొడుగు వేలి మీదుగా. 'ప'. సరే, కుడి కన్ను, కుడి చేయి. తర్వాత కుడి కన్ను, కుడి పాదం. అంతే కిటుకు! బొమ్మలో ఉన్న మనుషులకీ జంతువులకీ వరసగా ఇలా గీతలు గీస్తూ పోతే ఒక్కో బొమ్మ నుంచి ఒక మాటో, చిన్న మాటల గుత్తో వస్తుంది. థాంక్యూ అమ్మా, వెళ్లి కూర్చో.

ఇందులో అందమేమిటో గమనించారా? కన్ను, వేలు. చూసేది కన్ను, చూపించేది వేలు. పుస్తకం మొదట్లోనే చెప్పాడు, చిక్కు విడాలంటే మీ కళ్లని వాడండి అని. జనం దాన్ని ఊరికే అన్నమాట అనుకున్నారు. అంకెలు లెక్కపెట్టారు, మ్యాపులు మడతపెట్టారు, గ్రహాల లెక్కలు కట్టారు. కళ్లు తప్ప అన్నీ వాడారు.

అలా పదిహేను బొమ్మల నుంచి వచ్చిన మాటలన్నీ కలిపితే ఒక సందేశం. తెలుగులో చెప్పాలంటే ఇంచుమించు ఇలా ఉంటుంది. క్యాథరిన్ పొడుగాటి వేలు నేల మీద నీడ పరిచే చోట పసుపు పచ్చని తాయెత్తు పాతి ఉంది, పగలూ రాత్రీ సమానమైన రోజున మిట్టమధ్యాహ్నం ఆ వేళని చూపిస్తుంది, చూడు. అంతేనా? ఆ పదిహేనింటి మొదటి అక్షరాలు మాత్రం పేర్చి చదివితే ఇంకో మాట. 'క్లోజ్ బై ఆంప్‌టిల్'. ఆంప్‌టిల్ దగ్గర్లో, అని.

ఆంప్‌టిల్ అనేది బెడ్‌ఫర్డ్‌షైర్‌లో చిన్న ఊరు. ఎనిమిదో హెన్రీ రాజు తన మొదటి భార్య, ఆరగాన్ క్యాథరిన్‌ని వదిలించుకోవాలని చూసిన రోజుల్లో ఆవిణ్ని అక్కడి కోటలో ఉంచారు. ఆ కోట ఇప్పుడు లేదు. 1773లో ఆ చోట ఆమె గుర్తుగా పొడుగాటి రాతి శిలువ నిలబెట్టారు. అదే ఆ వేలు. దాని నీడే గడియారం ముల్లు.

హైస్కూలు పిల్లలు ఇక్కడ చెవులు రిక్కించండి. మార్చి 21కో సెప్టెంబరు 23కో, పగలూ రాత్రీ సమానమైన రోజున, సూర్యుడు ఆ రోజుకి అన్నిటికంటే పైకి వచ్చే మధ్యాహ్నం వేళ, ఇక్కడైనా ఇంగ్లండులోనైనా నీడ ఎటు పడుతుంది? సరిగ్గా ఉత్తరానికి. ఎంత పొడవు పడుతుంది? అది మీరున్న అక్షాంశాన్ని బట్టి. ఆంప్‌టిల్ 52 డిగ్రీల ఉత్తరాన ఉంది, అక్కడ స్తంభం ఎత్తుకి ఒకటింపావు రెట్ల కంటే కొంచెం ఎక్కువ నీడ. అదే స్తంభం హైదరాబాద్‌లో పెడితే ఎత్తులో మూడో వంతు కూడా ఉండదు. అంటే స్తంభం ఎత్తు తెలిస్తే, లెక్క కట్టి నీడ కొస ఎక్కడికొస్తుందో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. త్రికోణమితి ఎందుకు సార్ అని అడుగుతారుగా? ఇదిగో, బంగారు కుందేలుకి.

ఇప్పుడు కథలో మంచివాళ్లు వస్తారు. మాంచెస్టర్ ప్రాంతంలో ఇద్దరు భౌతికశాస్త్రం పంతుళ్లు. నాకు వీళ్లంటే ప్రత్యేకమైన అభిమానం, మా జాతి కదా. ఇద్దరూ కూర్చుని, బొమ్మలు చూసి చూసి, కళ్లూ వేళ్లూ కనిపెట్టి, మొత్తం చిక్కు విప్పేశారు. 1982 ఫిబ్రవరిలో ఆంప్‌టిల్ వెళ్లి తవ్వారు. సరైన చోటే తవ్వారు. కుందేలు దొరకలేదు.

ఎందుకు దొరకలేదు? మట్టి పెట్టె గుర్తుపెట్టుకోమన్నానా? మట్టిలో మట్టి పెట్టె. వాళ్లకి అది ఆనలేదు. దొంగల కోసం చేసిన ఏర్పాటు దొరలకి అడ్డుపడింది.

ఇంతలో ఇంకో మనిషి ఉత్తరం వచ్చింది. చేత్తో గీసిన ముతక మ్యాపు. చోటు సరైనదే. చిక్కు ఎలా విప్పాడో వివరం లేదు, ఏదో గాలివాటుగా కనుక్కున్నట్టుంది. కానీ విలియమ్స్ మాట ఇచ్చాడు కదా, ముందు సరిగా చెప్పినవాడికే అని. ఇచ్చేశాడు. ఆ మనిషి టీవీ ముందు మొహం కూడా సరిగ్గా చూపించలేదు. పంతుళ్ల ఉత్తరం ఆ తర్వాత అందింది. అన్ని మెట్లూ ఎక్కి, జవాబు మొత్తం వరసగా రాసినవాళ్లు వాళ్లు. నిధి మాత్రం ఇంకొకరి ఇంట్లో ఉంది.

ఆరేళ్ల తర్వాత, 1988 డిసెంబరులో, సండే టైమ్స్ పత్రిక అసలు సంగతి బయటపెట్టింది. ఆ గెలిచినాయన చెప్పుకున్న పేరు మారుపేరు. ఆయన వ్యాపార భాగస్వామి ఒకామెతో ఉండేవాడు, ఆమె ఒకప్పుడు విలియమ్స్‌తో కలిసి ఉన్న మనిషి. కుందేలు ఆంప్‌టిల్ చుట్టుపక్కల ఉందన్న ఉప్పు ఆ దారిలో అందింది. అంటే బొమ్మలు చూడకుండానే కుందేలు దొరికింది. విలియమ్స్‌కి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. బొమ్మలు చూడాలనే కదా ఇదంతా చేసింది!

ఆ గెలిచినాయన కుందేలుని ఊరకే ఉంచుకోలేదు. కంప్యూటర్ ఆటలు చేసే కంపెనీ పెట్టాడు. 1984లో ఒక ఆట అమ్మకానికి పెట్టాడు, చిక్కు విప్పినవాడికి కుందేలు బహుమతి అన్నాడు. తెర మీద చెట్టూ గడ్డీ తప్ప ఏమీ ఉండదు. ఎవరూ గెలవలేదు. కంపెనీ మునిగింది. అప్పులవాళ్ల కోసం కుందేలుని లండన్‌లో సోథెబీస్ వేలంపాటకి పెట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఆ పాటకి కిట్ విలియమ్స్ కూడా వెళ్లాడు. తన చేత్తో చేసిన నగకి తనే పాట పాడటానికి. ఆరువేల పౌండ్ల దాకా పాడి ఆగిపోయాడు, అంతకంటే తాహతు లేదు. చివరికి ఎంతకి పోయింది? 31,900 పౌండ్లకి.

నగల కొట్లో లెక్క ఎలా ఉంటుంది? బరువు ఇంత, ఈరోజు రేటు ఇంత, తరుగు, మజూరీ, రాళ్లు విడిగా. ఆ లెక్కన ఆ కుందేలు అంత పలకదు. మరి ఆ మిగతా డబ్బు దేనికి? కథకి. జనం రెండున్నరేళ్లు నేల తవ్వుకున్నందుకు. రాతి మీద గీసి చూస్తే 18 క్యారెట్లు కనిపిస్తుంది, ఆ మిగతాది గీటురాయికి అందదు. మా నాన్నగారు ఉంటే ఈ మాట ఒప్పుకునేవారు కాదు, "కథని కరిగిస్తే ఎంతొస్తుందిరా?" అనేవారు. ఆయన ప్రశ్నకీ జవాబుంది. ఏమీ రాదు. ఆ 31,900 కూడా అప్పులవాళ్లకే పోయింది.

నా అభిప్రాయం మాత్రం చెప్పేస్తాను, మీరు ఒప్పుకోకపోయినా సరే. విలియమ్స్ లెక్క ఒకచోట తిరగబడింది. బొమ్మలు చూస్తారని బంగారం ఎర వేశాడు. జనంలో ఎక్కువమంది కళ్లు ఎర మీదే ఉండిపోయాయి. బంగారం అంత పాపిష్టిది, పక్కన ఏది పెట్టినా దాన్ని కనిపించనివ్వదు. అయినా ఆ నగ గొప్పదే అంటాను. ఎందుకు? ఆ కుందేలు పుస్తకంలోని పాత్రకి నకలు కాదు. కథలో ఒక ఖాళీ ఉంది, ఆ ఖాళీలో పెట్టాల్సిన వస్తువది. అది లేకపోతే కథ పూర్తి కాదు. ఈ రోజు కొట్లో దొరికే ఎలుగుబంటి లాకెట్టు తీసేస్తే ఆ పుస్తకానికి ఏమైనా తక్కువవుతుందా? కాదు.

తర్వాత వేరేవాళ్లూ ఈ బాట పట్టారు. అమెరికాలో 2004లో మైకేల్ స్టాడ్థర్ అనే ఆయన ఒక పిల్లల పుస్తకం వేసి, కథలోని పురుగులూ అడవి ప్రాణులే రాళ్లు పొదిగిన నగలుగా చేయించాడు. నగల్ని దాచలేదు, బిళ్లల్ని దాచి, బిళ్ల తెచ్చినవాళ్లకి నగ ఇచ్చాడు. తెలివైన పని, దొంగల భయం తక్కువ. కానీ విలియమ్స్ లాగా తనే కూర్చుని తీగ వంచి చేసినవాడిలో ఉండే పిచ్చి అందులో లేదు.

విలియమ్స్ మాత్రం ఈ గోలంతా చూసి హడలిపోయి లోకానికి దూరంగా జరిగాడు. 1984లో తేనెటీగల మీద ఇంకో పుస్తకం చేశాడు. ఈసారి పాతిపెట్టడాలు లేవు. పుస్తకానికి పేరే పెట్టలేదు, ఆ పేరేమిటో చదివేవాళ్లు కనుక్కోవాలి, కనుక్కుని అక్షరాల్లో రాయకుండా ఇంకేదైనా రూపంలో చెప్పాలి. చూశారా, అక్కడా చేతిపనే అడిగాడు. 2009లో బీబీసీ వాళ్లు ఈ కథ మీద ఒక కార్యక్రమం తీసినప్పుడు, ముప్పై ఏళ్లకి, ఆ కుందేలుని మళ్లీ తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

ఆఁ, అక్కడ ఒకమ్మ చెయ్యెత్తారు. మా పాప గీసిన బొమ్మని బంగారంలో చేయించొచ్చా అంటున్నారు. భేషుగ్గా చేయించొచ్చు. నన్నడిగితే కొట్లో కార్టూన్ లాకెట్టు కంటే అదే మేలు. పాప ఏ కథైతే పదిసార్లు చదివించుకుంటుందో, ఆ కథలో పాత్రని పాపతోనే గీయించండి. ఆ కాగితం పట్టుకుని కొట్టుకి కాదు, పనిచేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. 22 అని పట్టుపట్టకండి, సన్నపనికి 18 చెప్పండి. రెండు గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, పిల్లల లాకెట్లు చాలావరకు ఆ లోపే ఉంటాయి, అందుకని తెలిసినవాళ్ల దగ్గరే చేయించండి, బిల్లు మీద క్యారెట్లు రాయించుకోండి. రెండు దాటితే హెచ్‌యూఐడీ నంబరు, అంటే ఒక్కో నగకి విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హాల్‌మార్క్ గుర్తింపు, ఉందో లేదో భూతద్దం పెట్టి చూడండి. గొలుసు తగిలించే వలయానికి టంకం వేయించి మూయించండి, ఊరికే వంచి వదిలేస్తే బళ్లో పడిపోతుంది. కొసలు గుచ్చుకోకుండా గుండ్రంగా పెట్టించండి. కుందేలైతే మరీనూ, ఆ చెవులు రెండూ సరిగ్గా పిల్లల గెడ్డం కిందికే వస్తాయి.